చీకటి పడేదాకా

లారీ వెనక తలుపుకు తాడు రెండు చుట్లు తిప్పి ముడి వేస్తూండగా డ్రైవరు లోపలి నుంచి హారన్ కొట్టాడు. ముడి వేస్తున్నాయన పట్టించుకోలేదు. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసుకుని, చేతితొడుగులు నడుముకు దోపుకుని, అప్పుడు ఎక్కాడు. మున్సిపాలిటీ తొలగింపు బండి మీద పనిచేసే మనిషికి తాడే ఆస్తి. ఆ తాడుతో బడ్డీకొట్లు కట్టాడు, అనుమతి లేని బోర్డులు కట్టాడు, చచ్చిన పశువుల్ని కట్టాడు. ఒకసారి నడిరోడ్డు మీద ఎవరో వదిలేసి పోయిన బీరువా కూడా కట్టాడు. తీరా యార్డులో దించి చూస్తే లోపల పిల్లి ఈనింది.

ఆఫీసులో ఆయన్ని అందరూ బెల్లు అంటారు. సాయంత్రం అయిదింటి బెల్లు మోగకముందే చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తాడని ఎవరో గుమాస్తా తగిలించిన పేరు, అలాగే అంటుకుపోయింది. "బెల్లు కొట్టేవాడు సెలవు పెట్టినా ఫరవాలేదు, ఈయన లేచాడంటే అయిదైనట్టే" అని నవ్వుకుంటారు. ఆయనా నవ్వేస్తాడు. పొద్దున కూడా అంతే. రమ్మన్న వేళకి వస్తాడు, ముందూ రాడు, వెనకా రాడు. పొమ్మన్న వేళకి పోతాడు. మంచివాడా అంటే మంచివాడే. చెడ్డవాడా అంటే, పాపం, ఆయనకంత తీరిక ఎక్కడిది?

పొద్దుటి పూటంతా బోర్డులతోనే సరిపోయింది. చెట్టు నీడన లారీ ఆపుకుని డబ్బాలు విప్పినప్పుడు డ్రైవరు మొదలుపెట్టాడు.

"బెల్లన్నా, మధ్యాహ్నం తేనెటీగలంట. చీటీ చూశావా?"

"చూశాను. పెట్టెలో ఉంటాయిలేరా."

"పెట్టెలో బుద్ధిగా ఉండేవైతే మనల్నెందుకు పంపుతారు?"

ఆ మాటా నిజమే. తేనెపెట్టెల రూలు కొత్తది. ఇళ్ళ మధ్య పెట్టుకోవచ్చు, కాదనరు. కాకపోతే పక్కవాళ్ళ గోడకి పదడుగుల దూరం ఉండాలి. మధ్యలో నిలువెత్తు తెర ఉండాలి. ఈగలు పరాయి కుళాయిల మీద వాలకుండా మన పెరట్లోనే నీళ్ళపళ్ళెం ఉండాలి. ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి. ఇన్ని రాసినవాళ్ళు ఈగల్ని కూడా ఒకసారి కూర్చోబెట్టి చదివి వినిపిస్తే ఏ గొడవా ఉండేది కాదు! ఈ పెట్టె పక్కింట్లో లెక్కల మేష్టారు ఉంటారు. ఆయన భార్యని బట్టలారేస్తుండగా ఒకటి కుట్టింది. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, ఆస్పత్రి పాలైంది. మేష్టారు అర్జీ పెట్టారు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ఎవరి పెళ్ళాం ప్రాణం వాళ్ళకి తీపి.

ఇల్లు సందు చివర ఉంది. ముందుగది కిటికీ దగ్గర కుర్చీ, దాని చేతి మీద సగం బాగైన కోటు. చిరిగిన బట్టలకి రఫ్ఫు చెయ్యడం ఆ ఇంటావిడ పని. చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారే వెతుక్కోవాల్సినంత నాజూకుగా చేస్తుందని పేరు. డెబ్బై దాటిన మనిషి. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇత్తడి టోపీ తియ్యకుండానే తలుపు తీసింది.

"అప్పుడే వచ్చారా నాయనా?"

"నోటీసు ప్రకారం ఇవాళే ఆఖరు రోజమ్మా. తియ్యకపోతే మేమే తీసుకుపోవాలి."

"తెలుసు. అందుకే మా మరిది కొడుకుని రాత్రికి రమ్మన్నాను. ఊరి బయట తోటలో పెట్టుకుంటానన్నాడు. రా, చూద్దువుగాని."

పెరడు ఇరుకు. రెండు దుప్పట్లు కలిపి కుట్టి గోడ వెంట తెర కట్టింది. నీళ్ళపళ్ళెంలో ఈగలు మునిగిపోకుండా గులకరాళ్ళు వేసింది. మధ్యలో స్టాండు మీద నీలం రంగు పెట్టె. కింద చీలికలాంటి వాకిలి దగ్గర ఈగలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. మాపటి బజారులా ఒకటే సందడి. ఆయన టేపు తీసి గోడదాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"జానెడు తక్కువమ్మా."

"నేనూ కొలిచాను. పెట్టెని ఇటు జరిపితే ఈ గోడకి తక్కువ, అటు జరిపితే ఆ గోడకి. మధ్యలో పెడితే రెండింటికీ తక్కువే. గోడలు జరగవు కదా!" అని నవ్వింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "మా ఆయన పోయిన ఏడు వచ్చి వాలాయి నాయనా ఇవి, పాత కుట్టుమిషన్ డబ్బాలో. అప్పటికి ఈ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏం లేదు. కుడితే కుట్టాయి గాని, ఇంట్లో మనుషులున్నట్టుండేది. తీసుకుపోవద్దని అనను. పక్కావిడకి అంత కష్టమొస్తే ఇంకా ఉంచుకోవడం ధర్మం కాదు. కానీ ఇప్పుడొద్దు. సగం ఈగలు ఇంట్లో లేవు, మేతకి పోయాయి."

"వచ్చి వెతుక్కుంటాయిలే అమ్మా, వాసన పట్టి."

"వెతుక్కోవు. అవి గుర్తుపెట్టుకునేది చోటుని, పెట్టెని కాదు. సాయంత్రం ఇక్కడికే వస్తాయి. వచ్చి ఎక్కడికి పోతాయి చెప్పు?" ఆయన చేతితొడుగు అంచు పట్టుకుంది. "ఓ మూడు గంటలు కూర్చో నాయనా. ఫ్యానుంది, మంచినీళ్ళున్నాయి. చీకటి పడేదాకా ఆగు, చాలు. అన్నీ ఇల్లు చేరాక నా చేత్తోనే మూసి ఇస్తాను."

బయట డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు.

ఆయనకి ఆస్పత్రి గుర్తొచ్చింది. ఇలాంటి మాటే ఏళ్ళ కిందట అక్కడ తన భార్య అంది. "కాసేపుండు." చూడ్డానికొచ్చినవాళ్ళంతా వెళ్ళిపోవాలని వార్డులో గంట కొట్టారు. పక్క మంచం వాళ్ళు వెళ్తున్నట్టు వెళ్ళి, మెట్ల కింద దాక్కుని, మళ్ళీ వచ్చారు. ఆయన మాత్రం దుప్పటి సరిచేసి, పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేశాడు. తెల్లారేసరికి మంచం ఖాళీ అయింది. ఆ తరవాత ఆయన మారిపోయాడని ఎవరైనా అనుకుంటారు. మారలేదు సరికదా, మరింత బిగుసుకుపోయాడు. రూలుని కాస్త వంచొచ్చని ఒప్పుకుంటే, ఆ రాత్రి తనూ మెట్ల కింద దాక్కోగలిగేవాడే. భార్య చెయ్యి పట్టుకుని కూర్చోగలిగేవాడే. ఆ ఆలోచనతో ఒక్కరోజు కూడా బతకలేడు. కాబట్టి రూలంటే రూలే అయి ఉండాలి, ఎవరికైనా, ఎప్పుడైనా.

"అయిదింటికి బండి యార్డులో ఉండాలమ్మా. పొద్దున్నే మీవాణ్ణి యార్డుకి పంపండి, ఇప్పించేస్తాను."

ఆవిడ రెండోసారి అడగలేదు. కొబ్బరిపీచు ముట్టించి పెట్టె వాకిలి దగ్గర పొగ పెట్టింది. ఈగలు లోపలికి తగ్గాక గుడ్డపేలిక దూర్చి మూసింది. "పైన జల్లెడ ఉంది చూశావూ? అది మాత్రం మూయకు. వాటి ఊపిరి అదే" అని చూపించి, పక్కకి తప్పుకుంది. ఆయన పెట్టెని రెండు చేతులా ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. జ్వరం వచ్చిన పిల్లాడి వీపులా వెచ్చగా ఉంది. లోపలి రొద ఎముకల్లోకి పాకింది.

పెట్టెని ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సందు దాటి పెద్దరోడ్డు ఎక్కేదాకా బాగానే ఉంది. ఒక గుంటలో లారీ ఎగిరిపడేసరికి జల్లెడ ఒక మూల లేచింది. ఈగలు బయటపడ్డాయి. ఒకటి డ్రైవరు చెవి మీద కుట్టింది. వాడు కేక పెట్టి రోడ్డు మధ్యలోనే ఆపేశాడు.

"మూస్తావా, దిగిపొమ్మంటావా అన్నా? నాకు ఇద్దరు ఆడపిల్లలు!"

ఆయన కంగారులో వెడల్పాటి అంటుటేపు తీసి జల్లెడ మీద అడ్డంగా, నిలువుగా అతికించేశాడు. యార్డులో దించగానే పీకేద్దామనుకున్నాడు.

యార్డులో స్టోర్ కీపర్ పెట్టెని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నా దగ్గర పెట్టకండి బాబోయ్! రేకుల షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పండి." పొద్దుటి నుంచి ఎండకి కాలిన రేకులు, కింద గాలాడని వేడి. పట్టుకొచ్చిన బోర్డుల మధ్య పెట్టెని దించి పట్టా కప్పుతూంటే లోపల రొద హోరుగా మారింది. డ్రైవరు చెవి వాచి మూలుగుతున్నాడు. వాడికి మందు రాయించడానికి తీసుకెళ్ళి, బోర్డులు అప్పజెప్పి, చేతులు కడుక్కునే గొడవలో టేపు మాట మరిచాడు. తిరిగి వచ్చేసరికి హోరు లేదు.

"అలిసిపోయి పడుకున్నాయి" అన్నాడు స్టోర్ కీపర్.

"సద్దుమణిగాయి" అని ఆయనా ఊపిరి పీల్చుకున్నాడు.

అయిదింటి బెల్లు మోగింది. ఆయన ఒక కాలు చెప్పులో పెట్టి, రెండోది పెట్టకుండా ఆగిపోయాడు. వాటి ఊపిరి అదే, అంది ఆవిడ.

ఒంటి చెప్పుతోనే షెడ్డులోకి పరిగెత్తాడు. పట్టా లాగేశాడు. టేపు చీల్చాడు. పెట్టె అడుగు నుంచి నల్లటి తేనె కారి నేల మీద మడుగు కట్టింది. అందులో రెక్కలు అతుక్కుని ఉన్నాయి. మైనపు పట్టులు వేడికి కరిగి లోపల కూలిపోయాయి. చీమలు అప్పుడే బారు కట్టాయి. మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాడు. ఆ వైపు ఆనించాడు, ఈ వైపు ఆనించాడు. పెట్టె ఇంకా వెచ్చగానే ఉంది. చప్పుడు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, పట్టుకోవడానికి ఆకైనా లేదు. ఇంటికి పోవాలి, కోడలు ఎదురుచూస్తూంటుంది. కాళ్ళు మాత్రం సందు వైపు నడిచాయి.

ఆవిడ పెరటి గడప మీద కూర్చుని ఉంది. చేతిలో కోటు లేదు, సూది లేదు. మునిమాపు వెలుతురులో ఈగలు వచ్చాయి. ఇంకా వస్తున్నాయి. పెట్టె వాకిలి ఉండే ఎత్తులో గాల్లోనే నిలబడి, లేని తలుపు ముందు బారులు తీరి, అటూ ఇటూ ఊగుతున్నాయి. కాళ్ళకి పుప్పొడి ముద్దలు పచ్చగా వేలాడుతున్నాయి. ఇంటికి తెచ్చిన సరుకు దించుకునే చోటు లేదు.

"రా నాయనా," అంది. "పొద్దున్నే యార్డుకి పొమ్మని మావాడికి చెప్పాను. రాణి ఉంటే చాలట. మిగిలిన సగంతోనే మళ్ళీ పుంజుకుంటాయట."

"అమ్మా," అన్నాడు. "జల్లెడ మూశాను."

ఆవిడ తల తిప్పి చూసింది.

"బండిలో డ్రైవరుని కుట్టింది. భయపడి మూశాను. తరవాత మరిచిపోయాను."

"రొద ఉందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ మళ్ళీ ఈగల వైపు తిరిగింది. తిట్టినా బావుండేది. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టినా బావుండేది. చివరికి, "పాపం, ఆ అబ్బాయికి మందు రాశారా?" అంది. ఆ మాటకి ఆయనకి ఏడుపొచ్చింది. భార్య పోయిన రోజు అందరిముందూ బిగబట్టుకున్న ఏడుపు, ఏళ్ళ తరవాత ఈ ముసలమ్మ గడప దగ్గర, సిగ్గూ ఎగ్గూ లేకుండా తన్నుకొచ్చింది. ఆవిడ వారించలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని అడిగాడు. "ఇక్కడ కూర్చోవచ్చా అమ్మా?"

"దేనికి?"

"చీకటి పడేదాకా."

ఆవిడ గడప మీద పక్కకి జరిగింది. కూర్చున్నాడు. ఈగలు ఒక్కొక్కటే వాలి, స్టాండు పలక మీద ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా చేరాయి. రాణి లేదు, గూడు లేదు. ఇవాళో రేపో రాలిపోతాయని ఇద్దరికీ తెలుసు. దీపాలు పెట్టే వేళయింది. మేష్టారింట్లో లైటు వెలిగింది, కిటికీ తలుపు వేసుకున్నారు. ఆవిడ నడుము పట్టుకుని లేచి లోపలికి పోయి పడుకుంది. ఆయన మాత్రం ఆ ముద్ద కదలిక మానేదాకా ఉండి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు.

పెరట్లో స్టాండు మిగిలింది. చీమలు పెట్టెలోకి ఎక్కకుండా దాని నాలుగు కాళ్ళ కింద నాలుగు గిన్నెలు, ఆవిడ సాయంత్రమే మార్చిపోసిన నీళ్ళతో, అంచులదాకా నిండి ఉన్నాయి.