ఖాళీగా ఉన్న ఎర్ర డబ్బా

ఆవిడ మొగుడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతుంటే, ఆయన అద్దంలో తల దువ్వుకుంటూ అన్నాడు: “మనిల్లు చూడు, దానంతటదే ఎంత చక్కగా నడిచిపోతుందో!” ఇల్లు నడుస్తుంటే ఈవిడకి కాళ్లనొప్పులెందుకో ఆయనకి తట్టలేదు. ఆవిడ దారం పళ్లతో కొరికి, స్కూలు బ్యాగుల ఫ్యాక్టరీకి పరుగెత్తింది.

అక్కడ ఆవిడది చెకింగు పని. ఆవిడ కళ్లజోడు పెట్టుకుంటే చాలు, వంకర కుట్టు భయపడి తిన్నగా నిలబడుతుందని చెప్పుకుంటారు. యజమానులది వేరే దేశం. వాళ్ల కొత్త పద్ధతిలో, కుట్టు చెడిన బ్యాగుని ఎర్ర డబ్బాలో వేయాలి. ఎవరినీ తిట్టరు, తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకుతారు. “డబ్బా నిండిందంటే ఈ పని ఇంకో దేశానికి పోతుంది,” అని సూపర్‌వైజరు ఒక మాట చెవిన వేశాడు. అంతే, భోజనాల వేళ ఆడవాళ్లంతా చెడినవి విప్పి మళ్లీ కుట్టడం మొదలెట్టారు. డబ్బా ఖాళీ. కడుపులూ ఖాళీ.

ఆ రోజు ఆ దేశం నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. డబ్బాలోకి తొంగిచూసి మొహం ముడుచుకుంది.

“మావాళ్లు బంగారం మేడమ్, తప్పే చెయ్యరు!” అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె మాటని దుబాసీ చెప్పాడు: “మా దగ్గర రోజూ నిండుతుంది. ఇక్కడ ఒక్కటీ లేదంటే నాకు భయమేస్తోంది. మనుషులు నోరు విప్పని కంపెనీ ఎన్నాళ్లు నిలుస్తుంది? నువ్వు చెప్పమ్మా.” ఆఫీసరమ్మ చూపు చెకింగు బల్ల దగ్గరున్న ఆవిడ మీదుంది.

ఆవిడ బుర్ర గిర్రున తిరిగింది. తప్పు కనబడితే పని పోతుందంటాడు ఈయన. కనబడకపోతే కంపెనీయే పోతుందంటుంది ఈమె. ఎవర్ని నమ్మడం? “మా కోడలికి నోరే లేదమ్మా, నా అదృష్టం!” అని అత్తగారు చుట్టాలతో అంటుంటుంది. అది మెచ్చుకోలో, మూతికి వేసిన కుట్టో ఇన్నేళ్లయినా తేలలేదు. పాలు పొంగితే తుడిచింది, మాటలు పడితే మింగింది. ఇంట్లోనూ ఎర్ర డబ్బా ఖాళీయే.

“అక్కా, నోరిప్పకు, కొంప మునుగుతుంది,” పక్క మిషనామె గొణిగింది.

“మేమే సరిచేస్తున్నామండీ, తిండి మానుకుని.” అన్నది తనేనా అని ఆవిడే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. సూపర్‌వైజరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

“చెయ్యమని ఎవరన్నారు?” అడిగింది ఆఫీసరమ్మ.

ఎవరన్నారు? పని పోతుందన్నాడే గానీ, కుట్టమని ఆయన అనలేదు. ఆమాటకొస్తే ఇంట్లోనూ ఎవరూ...

“ఎవరూ అనలేదండీ.”

భోజనాల గంట మోగింది. అలవాటుగా కత్తెరలు లేచాయి. రేపు పని ఉంటుందో ఊడుతుందో ఆవిడకి అంతుపట్టలేదు. చేతిలో ఉన్న కుట్టు చెడిన బ్యాగుని ఎర్ర డబ్బాలో పడేసి, క్యారేజీ విప్పుకుంది. ఎవరూ చెప్పకుండా మొదలెట్టిన పని, మానడానికి మాత్రం ఎవర్ని అడగాలి?