పండ్లు పీకిన పటకారు

నేను ఒక పటకారును. విరిగిన బండి ఇరుసును కొలిమిలో కాల్చి, సాగగొట్టి, కమ్మరి వీరాచారి నాకు రెండు దవడలు చేశాడు. నన్ను కొనుక్కున్నది సాయిలు, ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. అరిగిన నాడాల మేకులు లాగడం నా పని. లాగేముందు సాయిలు ఎద్దు గంగడోలు నిమిరి, "ఓర్సుకోరా అయ్యా" అనేవాడు. ఎద్దు మీదే ఇంత దయ ఉంటే సాటి మనిషి మీద ఇంకెంత ఉంటుందో అనుకునేదాన్ని.

ఆ యేడు వానలకు మురుగు తాగునీళ్ల బావిలో కలిసింది. పిల్లలకు జ్వరాలు పట్టుకున్నాయి. బావిని ఎవరూ అనుమానించలేదు. సత్తెవ్వను అనుమానించారు.

సత్తెవ్వ ఊళ్లో కాన్పులు చేసే మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. మొగుడి వాటా చెలక మాత్రం ఉంది. దాని గట్టు అవతలిది మరిది మల్కయ్యది. నడిచినా కూర్చున్నా ఆమె పెదవులు కదులుతూ ఉండేవి.

"నోట్ల నోట్లనె ఏం సదువుతది? బానామతి గాకపోతె!" అన్నాడు మల్కయ్య. "పండ్లు పీకితె మంత్రం పారది. పెద్దలు జెప్పిందే గద."

"నిన్ను కడుపులకెల్లి తీసింది ఆమెనే గదరా" అంది ఒక ముసలమ్మ.

"నువ్వు గూడ నేర్సినవా, అవ్వా?"

ముసలమ్మ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

పట్టపగలే సత్తెవ్వను సాయిలు దగ్గరికి ఈడ్చుకొచ్చారు. ఎద్దును పడగొట్టే తాడుతోనే కట్టేశారు. సాయిలు వెనక్కి జరిగాడు.

"పీకవా? అయితె నువ్వు గూడ దాని దిక్కే" అన్నాడు మల్కయ్య.

సాయిలు బిడ్డకూ జ్వరమే. నన్ను తీశాడు.

నోటి దాకా వెళ్లాక ఆమె చదివే మంత్రం విన్నాను. "ఓర్సుకో బిడ్డా, అయిపాయె. ఓర్సుకో." కాన్పుల దగ్గర అని అని నోటికి అంటుకుపోయిన మాట. సాయిలు పుట్టిననాడు అతని తల్లికీ అదే చెప్పి ఉంటుంది. వంగిన సాయిలుకూ వినిపించే ఉంటుంది. ఆగలేదు. ఎద్దుకు చెప్పే మాట ఆ పూట సాయిలు చెప్పలేదు. ఆమే చెప్పింది.

మేకు తేలిగ్గా వస్తుంది. పన్ను రాదు.

ఇప్పుడు నేను పోలీస్ స్టేషన్ కొట్టుగదిలో, లక్క ముద్ర వేసిన గుడ్డమూటలో ఉన్నాను. జవాన్లు అనుకుంటుంటే విన్నాను. జ్వరాలు తగ్గలేదట. సత్తెవ్వ దవాఖాన నుంచి మళ్లీ ఊరి మొహం చూడలేదట. ఆమె చెలకలో మల్కయ్య నాగలి నడుస్తోందట.

మొన్న నా పక్కన ఇంకో మూట పెట్టారు. లోపల పటకారే. ఏ ఊరని నేను అడగలేదు. దాని దవడల్లోంచి నా వాసనే వస్తోంది.