పడని వేలు

మదార్‌బీ బొటనవేలి మీద గీతలు అరిగిపోయి ఏళ్ళయింది. ఉదయగిరిలో చెక్క గరిటెలను గరుకు కాగితంతో నున్నగా రుద్దే ఆడవాళ్ళ వేళ్ళన్నీ అంతే. రేషన్ అంగట్లో మిషను మీద పెడితే వేలిముద్ర ఒక పట్టాన పడదు. డీలరు విసుక్కుంటాడు, వెనకవాళ్ళు గొణుగుతారు. అందుకే ఎవరైనా "పడలేదు, మళ్ళీ పెట్టు" అంటే చాలు, తప్పంతా తనదే అన్నట్టు సిగ్గుపడి మళ్ళీ పెట్టేది పిచ్చిది.

బస్టాండులో గొడుగు కింద సిమ్ములమ్మే పవన్‌కు ఆ సిగ్గే పెట్టుబడి. ఊరి పెద్ద రామనారాయణకు మేనల్లుడు కదా, పరాయివాడా అనుకుని ఆమె సిమ్ముకని అతని దగ్గరికే పోయింది. "పడలేదవ్వా, ఇంకోసారి" అంటూ అతను తన రుమాలుతో వేలు తుడిచి మరీ పెట్టించాడు. ఎంత ఓపికో బిడ్డకు అని మురిసిపోయి, దువా కూడా చేసి వచ్చింది. పెట్టిన ప్రతిసారీ పడిందనీ, పడినప్పుడల్లా తన పేరు మీద ఒక సిమ్ము పుట్టిందనీ ఆమెకెట్లా తెలుస్తుంది?

తెలిసేసరికి చేతులు కాలిపోయాయి. ఆ నంబర్లతో ఎవరో ఎక్కడో జనాన్ని నిలువునా ముంచారట. పై రాష్ట్రం పోలీసులు దిగారు. సంతకం కూడా రాని ముసలమ్మ చేసే పని కాదిది, కొడుకే చేయించి ఉంటాడన్నారు. ఆటో తోలుకునే రియాజ్‌ను ఆత్మకూరు స్టేషన్‌కు తీసుకుపోయారు. సాయంత్రం తమ రాష్ట్రానికి తీసుకుపోతామన్నారు.

తన వేలే తన బిడ్డ మెడకు ఉరితాడయిందనుకుంది మదార్‌బీ. కోడలు ముబషిరాను వెంటబెట్టుకుని బస్సెక్కింది. దారి పొడవునా ఆ వేలిని కొంగులో చుట్టి పిసుకుతూనే ఉంది.

స్టేషన్ ఎదుట టీ అంగడి దగ్గర రామనారాయణ కాచుకుని ఉన్నాడు. పింఛనుకైనా, పొదుపు సంఘానికైనా ఇన్నేళ్ళూ ఆయన చూపించిన చోటే ఆమె వేలేసింది. ఆయన్ను చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడవబాక మదార్‌బీ. సారుతో మాట్లాడినాను. ఈ కాయితం మీద వేలెయ్యి, నీ కొడుకు బయటికొస్తాడు."

"ఏముండాది సామీ దాంట్లో?"

"నీకు చెడు చేస్తానా నేను?"

అంత పెద్దమనిషిని కాదనే నోరు ఆమెకు ఏనాడూ లేదు. ఆయన ఇంకు డబ్బా మూత తీశాడు. ఆమె వేలేసింది. స్టేషన్ గుమ్మంలో మొగుడి కోసం తొంగిచూస్తున్న ముబషిరా అది చూసి పరుగున వచ్చి, ఆయన చేతిలోంచి కాగితం లాక్కుంది.

"అత్తా! నీకు తెలీకుండా నీ కొడుకే నీ వేలు పెట్టించినాడంట! సిమ్ములన్నీ మా ఆయనే తీసుకున్నాడంట! పవన్ పేరే లేదు ఇందులో!"

కన్నకొడుకును మదార్‌బీ తన చేత్తోనే తాను జైల్లోకి తోసేసింది. రామనారాయణ "ఇట్టా తే అమ్మాయ్" అని చేయి చాచేలోపు, ముసలిది ఆ కాగితాన్ని గుంజుకుని ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. ఆయన కేకలేస్తున్నాడు. టీ తాగేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె నమిలింది. గొంతుకు అడ్డం పడి కళ్ళనీళ్ళు కారుతున్నా నమిలి మింగింది.

ఆ నల్లటి వేలితోనే స్టేషన్‌లోకి పోయింది. మూలన బెంచీ మీద రియాజ్ తల దించుకుని ఉన్నాడు. బయట జీపు సిద్ధంగా ఉంది. బల్ల దగ్గరి పోలీసాయన ఎదుట ఆమె పిడికిలి బిగించి నిలబడింది.

"నేను చెప్తా, రాసుకో నాయనా. ఆ పవన్ నా చేత ఎట్టెట్టా పెట్టించినాడో అంతా చెప్తా. రాసినాక మా కోడలు చదవాల, నేను వినాల. అప్పుడేస్తా వేలు. పడకపోతే, పడేదాకా ఏస్తా."