కనుమదారిలో కుంభకము

రాత్రి యెల్ల కురిసి యలసిన శ్రావణమేఘములు పెద్దకనుమ శిఖరములపై తలలు వాల్చి నిద్రించుచుండ, కొండచఱియలనుండి సెలయేళ్లు కిలకిల నవ్వుచు క్రిందికి దుముకుచుండ, తడిసిన వెదురుపొదలలో నెమళ్లు ఱెక్కలు విదల్చుకొని సూర్యుని కొఱకు తూర్పువంక చూచుచుండ, ఎఱ్ఱని బురదతో నిండిన యా కనుమదారిని నలుగురు బోయీలు మోయుచున్న యొక పల్లకి మెల్లగా పైకి సాగుచుండెను.

అందు పద్మాసనస్థుడై కనులు మూసికొని కూర్చున్నవాడు చయనుల అచ్యుతశాస్త్రి. ఊపిరి బిగబట్టుటయందు ఆ సీమలో నాయనకు సాటి లేడు. నూటయిరువది యంకెలు లెక్కించునంతసేపు కుంభకము నిలుపగా శిష్యులు ముక్కునొద్ద దూదిపింజ నుంచి చూచిరట, అది కదలనే లేదట. ఈ వృత్తాంతమును శిష్యులకంటె శాస్త్రియే యెక్కువమాఱులు చెప్పుచుండెను.

కనుమ కావలనున్న కంబరవల్లి సంస్థానమున నానాడు పండితసభ. దేహాభ్యాసమునకును వివేకమునకును సంబంధము కలదా యను ప్రశ్నకు రాణి రత్నమాంబ యెదుట సదుత్తర మిచ్చినవానికి సంస్థాన విద్యాపీఠమున కాధిపత్యము లభించును. మధ్యాహ్నభేరి మ్రోగినతోడనే సభాద్వారము మూయబడును. వెలుపల మిగిలినవా డోడినవాడే. శాస్త్రికి ప్రతిపక్షి సోమనాథ తార్కికుడు. ఆసనములును ప్రాణాయామములును కోతిచేష్టలని యాయన బహిరంగముగనే పలుకువాడు. అతడు గెలిచినచో విద్యాపీఠమున నఱువదిమంది శిష్యులు ప్రతిదినము నభ్యసించు శాలకు తాళము పడుట నిశ్చయము. కావుననే శాస్త్రి దారిలో సయితము మనస్సును పదును పెట్టుకొనుచుండెను. అయిన నందు కొక యాటంకము కలిగెను.

ముందుకొమ్మును మోయు ముసలి పైడయ్య పది యడుగుల కొకమాఱు "రాయి ఎడమ!" అని కేక వేయును. వెనుకవారు "ఎడమ!" అని బదులు పలుకుదురు. అతడు "జారుడు!" అనును, వారును "జారుడు!" అందురు. వెనుక మోయువారికి పల్లకియే యడ్డమగుటచే దారి కనబడదు. ముందువాని నోరే వారికి దారి.

శాస్త్రి తెర తొలగించి, "పైడయ్యా! మీ కేకలచే నా కుంభకము నలువదవ యంకెకడనే భగ్నమగుచున్నది. ఇక మౌనము వహింపుడు" అనెను.

"కేకలు కాదు బాబయ్యా, ఇయ్యి ఎనకోల్లకి కళ్లు."

"మనస్సు నిలిచిన పాదము తానే నిలుచును. మీరును నాతో నభ్యసింపుడు. నేను కఱ్ఱపై వ్రేలితో తట్టెదను. నాలుగు తట్లకు పీల్చుడు, పదునాఱు తట్లకు నిలుపుడు, ఎనిమిదింటికి విడువుడు."

వెనుకనుండి పరిహాసప్రియుడగు దాలయ్య యందుకొనెను. "ఓలమ్మో! పదారే! ఊపిరాపీసి ఎత్తెక్కితే మరి పల్లకీ ఎవుడు మోస్తాడు బాబూ, తమరు తట్టే ఏలా?"

బోయీలు పకపక నవ్విరి. శాస్త్రి మొగము జేగురించెను. పైడయ్య తలపాగ సవరించుకొని, "నవ్వకండ్రా. తమరు సెప్పినట్టే కానియ్యండి బాబయ్యా" అనెను.

కనుమ నిశ్శబ్దమయ్యెను. టక్కు టక్కుమని శాస్త్రివ్రేలు మ్రోగుచుండ నలుగురును బుగ్గలు పూరించుకొని నడచిరి. మలుపు వచ్చెను. అచ్చట వానకు దారియంచు కోసికొనిపోయి మోకాలిలోతు గండి పడియుండెను. పైడయ్య దానిని చూచెను, దాటెను, కేక వేయ నోరు తెఱచెను. కాని యది పదునాఱింట పదునొకండవ తట్టు. బిగబట్టిన రొమ్మునుండి మాట పెకలిరాలేదు.

దాలయ్య కాలు గండిలో దిగబడెను. పల్లకి లోయవైపు ఒఱిగెను. తెర చినిగి శాస్త్రి శిరస్సు శూన్యమున వ్రేలాడెను. ముందు, వెనుదిరిగి నోరు తెఱచియున్న పైడయ్య మొగము కనబడెను. క్రింద, మిక్కిలి క్రింద, తెల్లని నూలుపోగువలె నేఱు కనబడెను. ఏండ్లతరబడి కూడబెట్టిన కుంభకమంతయు నొక్క గావుకేకయై వెలువడెను. ముగ్గురు బోయీలు మోకాళ్లపై కూలబడియు కొమ్ములు విడువక పల్లకిని వెనుకకు లాగిరి.

ప్రాణములు దక్కినవి. కాని దాలయ్య చీలమండ బూరెవలె పొంగెను. కంబరవల్లి కోటలోని యెముకల వైద్యుని చేరినగాని యా కాలు నిలువదు. అప్పటికే సూర్యుడు మబ్బులు చీల్చుకొని జాము పైకెక్కియుండెను.

పైడయ్య చెమట తుడిచికొని, "తమరు నడిసి ఎల్లిపోండి బాబయ్యా. ఇక్కడ్నించి దిగుడే గదా, సభకి అందుతారు. దాలిగాడ్ని మేం ముగ్గురం ఎలాగో ఒకలాగ తెస్తాం" అనెను.

శాస్త్రి నడచెను. పది యడుగులు పోయి, తడబడు మనస్సును నిలుపుటకై యలవాటు చొప్పున నిలిచి కనులు మూసి లెక్క మొదలుపెట్టెను. ఒకటి, రెండు, మూడు. చిత్రమేమనగా మనస్సు నిజముగనే నిలిచెను. నిలిచిన యా మనస్సున లోయ కనబడలేదు, విద్యాపీఠము కనబడలేదు. నోరు తెఱచియు పలుకలేక గ్రుడ్లు తేలవేసిన ముసలివాని మొగము మాత్రమే కనబడెను. నాలుగవ యంకె లెక్కింపకయే యాయన వెనుదిరిగెను. ఉత్తరీయమును నడుమునకు బిగించి, దాలయ్యను పల్లకిలో కూర్చుండబెట్టి, వెనుకకొమ్ముక్రింద భుజ ముంచెను.

"ఇక కేక వేయుము, పైడయ్యా!"

ఎదుట పల్లకిగోడ తప్ప మఱేమియు లేదు. తొలి యడుగులు తప్పెను, భుజము మండెను, పాదము జాఱెను. "రాయి ఎడమ!" అని ముందునుండి మాట వచ్చెను. "ఎడమ!" అని శాస్త్రి యఱచెను. ఆ యఱపుతోనే యూపిరి బయటికి పోయెను, అడుగుతో లోపలికి వచ్చెను. అర్ధక్రోశము గడచునప్పటికి నలువుర యూపిరియు నొక్క తిత్తినుండి వచ్చినట్లు నడచెను. దానిని ఎవ్వరును లెక్కింపలేదు.

లోపలనుండి దాలయ్య నొప్పితో మూల్గుచునే, "బాబూ, ఆ పద్దుమాసనం ఎలాగెయ్యాలో సెబుదురూ, కాలు మడతడ్డంలేదు. పోనీ పదారు తట్లు తట్టమంటారా?" అనెను.

"తట్టితివా, లోయలోనికి విసరివేసెదను!" అని శాస్త్రి బదులు పలుకగా కనుమయంతయు నవ్వుతో మార్మ్రోగెను.

భేరి మ్రోగుచుండగా, ద్వారపాలకులు తలుపుల నొకదానికొకటి చేర్చుచుండగా, పల్లకి యా సందులోనుండి దూసికొనిపోయి సభామధ్యమున నిలిచెను. పల్లకిలో బోయీ, కొమ్ముక్రింద పండితుడు! సభ గొల్లున నవ్వెను. రాణి సంగతి విని తత్క్షణమే వైద్యుని పిలిపించెను.

సోమనాథ తార్కికుడు మీసము దువ్వుచు, "ఊపిరికి ప్రభువని పేరొందినవాడు కొలిమితిత్తివలె రొప్పుచున్నాడు. ఇక వాద మేల?" అనెను.

శాస్త్రి రొప్పుచునే చేతులు జోడించెను. "రాణీ! ఊపిరి నిలుపుట నేర్చితిని. ఆ గర్వముచేతనే నేడు వీరి నోరు మూయించి యొకని కాలు విఱుగునట్లు చేసితిని. అభ్యాసమువలన వివేకము కలిగెనని యెట్లు చెప్పుదును? కాని పాఱిపోవుచున్న నన్ను పదవ యడుగున నిలిపి వెనుకకు చూపినదియు నా యభ్యాసమే. అది మనస్సను నద్దమును తుడుచును. నేటి యుదయమువఱకు నందు నా మొగమునే చూచుకొంటిని."

రాణి పైడయ్యవంక తిరిగి, "ఈయన వెనుకకొమ్ము మోసిన మాట సత్యమేనా?" అని యడిగెను.

"నిజమేనమ్మా. మొదట నాలుగడుగులు తడబడ్డారు గానీ, తరవాత మా దాలిగాడి కన్నా మేలు."

"ఆ ఒక్కటీ అబద్దమమ్మా!" అని వైద్యుని చేతిలో కాలుంచి దాలయ్య కేక వేసెను. తార్కికుడు సయితము నవ్వాపుకొనలేకపోయెను. విద్యాపీఠపు తాళపుచెవులు బురదయంటిన శాస్త్రిచేతికి వచ్చెను.

మఱుచటి శ్రావణమునుండి యా విద్యాపీఠమున నొక వింత నియమ మేర్పడెను. ప్రాణాయామమున తొలిపాఠము చెప్పుటకు ముందు ప్రతి శిష్యుడును కనుమదారిలో వెనుకకొమ్ము మోయవలెను. బరువుగా లోపల కూర్చుండువాడు కాలు నయమైన దాలయ్య. ఆ కొలువు తనకు పుట్టుకతోనే వ్రాసిపెట్టబడినదని యాతడు చెప్పుకొనును. మంచు క్రమ్మిన ప్రభాతములందు కొండక్రింది పల్లెలవారికి పల్లకి కనబడదు. "రాయి ఎడమ!" అని పైడయ్య కంఠము మాత్రము వినబడును. వెంటనే "ఎడమ!" అని పడుచుగొంతుకలు పలుకును. వానినన్నిటిని మించి, రొప్పుచు, సంతోషముతో, ఆచార్యుని గొంతుక వినబడును.