ఎరుపైతే ఒక దగ్గు

"నా సాక్సులు ఎక్కడ చచ్చాయి?" తెరిచిన అలమరా ముందు నిలబడి అరిచాడు భర్త. ఆమె పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "మీ కుడిచేతి కిందే ఉన్నాయి, చూడండి" అంది. ఉన్నాయి. ఆ ఇంట్లో అందరికీ కలిపి ఉన్నవి రెండే కళ్ళు, అవి ఆమెవి. "మగవాళ్ళకి ఎదురుగా ఉన్నా కనపడవమ్మాయ్, మనమే చూసిపెట్టాలి" అని అత్తగారు పెళ్ళయిన కొత్తలోనే చెప్పేసింది. ఆ మాటకి ఒకప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటం లేదు, అదే ఆమెకి వింతగా ఉంది.

ఆమె పనిచేసే ప్రయోగశాలలోనూ అదే కొలువు. నీళ్ళలో సైనైడ్ ఉంటే ఆకుపచ్చ నుంచి ఎరుపుకి తిరిగే కాగితపు పట్టీ ఒకటి అక్కడ తయారైంది. ఆ రంగు కుదిరేదాకా ఏళ్ళ తరబడి మందులు కలిపింది, పారబోసింది, మళ్ళీ కలిపింది ఆమే. పై అధికారికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతేనట. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అందుకని ఒక ఒప్పందం: పట్టీ ఎర్రబడితే ఆమె చిన్నగా దగ్గాలి. వెంటనే ఆయన, "చూశారా, మారింది!" అంటాడు. అందరూ ఆయన చేయి పట్టుకుని ఊపుతారు. పాపం, చూపు సంగతిలో ఆయన తప్పేముందిలే అని ఆమే సర్దిచెప్పుకునేది.

ఈరోజు నీటి సరఫరా అధికారులు తమ సొంత సీసాలు పట్టుకుని వస్తున్నారు. గోడకి బోర్డు కట్టారు. పట్టీ కనిపెట్టినవాళ్ళుగా ఆయన పేరుంది, ఆయన స్నేహితుడి పేరుంది.

"నా పేరు లేదు సార్."

"నువ్వు మా ఇంటి మనిషివి కదమ్మా, నీకు బోర్డెందుకు? కాస్త టీల సంగతి చూసి, నా పక్కనే నిలబడు."

భర్తకి ఫోన్ చేసింది. "పేరు లేకపోతే జీతం ఆపేస్తారా ఏంటి? సాయంత్రం తొందరగా రా, అమ్మకి నడుం పట్టేసింది" అన్నాడు.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. లోపల ఎవరో దీపాలన్నీ ఆర్పేసి వెళ్ళిపోయినట్టుంది. టీలు ఇచ్చింది. ఆయన పక్కన నిలబడింది.

ఒక అధికారి తన సీసా మూత తీశాడు. ముంచిన పట్టీ అంచుల నుంచి మెల్లగా ఎర్రబడింది. ఆ రంగుకి అర్థమేమిటో చెబుతాడని అందరూ ఆమె పై అధికారి మొహంలోకి చూస్తున్నారు. ఆయన చెవి ఆమె వైపు ఒగ్గి ఉంది. ఆమె దగ్గలేదు.

"జలుబు తగ్గిందా అమ్మా?" అన్నాడు ఆయన, నవ్వబోతూ.

"నాకు జలుబెప్పుడూ లేదు సార్."

ఆమె సీసా తెచ్చిన అధికారి వైపు తిరిగింది. "ఎర్రబడిందండీ. ఇందులో సైనైడ్ ఉంది, ఈ నీళ్ళు ఎవర్నీ తాగనివ్వకండి. ఈ పట్టీ తయారుచేసింది నేను. ఇంకేం అడగాలన్నా నన్నే అడగండి."