పిట్టమెరక దిగువ వీధి

పిట్టమెరక ఇప్పుడు లేదు. భోగాపురం దగ్గర ఎయిర్‌పోర్టు కోసం చదును చేసిన నేలలో కలిసిపోయింది. ఊరు పోయిందంటే జనం పోయారని కాదు. జనానికి కాలనీలో ఇళ్లిచ్చారు, వరసగా, అన్నీ ఒకే రంగువి. పోయింది ఊరే. రేఖ పనిచేసే సైటు ఆఫీసులో గోడకు పెద్ద డ్రాయింగు వేలాడుతుంటుంది. ఊళ్లో వాళ్ల పెరటి మునగచెట్టు ఉండాల్సిన చోట అందులో ఒక నీలం గీత పోతుంది. అటు చూడకుండా టీ తాగడం ఆమెకు అలవాటైపోయింది.

పనిరోజులు ఎలాగో గడుస్తాయి. ఆదివారాలే గడవవు. అద్దెగది, ఒక కిటికీ, ఒక కుక్కరు. పలకరించే దిక్కు లేకపోతే ఎంత చదువుకున్న మనిషైనా గోడలతో మాట్లాడుతుంది. రేఖ ఆ దశ కూడా దాటి, కుక్కరు విజిల్ వేస్తే "వస్తన్నాను, ఉండు" అనే దశకు వచ్చింది. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం పాత సంచి సర్దుతుంటే పెన్‌డ్రైవు ఒకటి దొరికింది. అందులో పిట్టమెరక ఉంది.

హాస్యానికి అనడం లేదు, నిజంగానే ఉంది. విజయనగరంలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో కంప్యూటర్ లాబ్‌లో ఇటుకల ఆట ఒకటి ఉండేది. డబ్బు పెట్టి కొనేది కాదు. ఎవరెవరో కలిసి రాసి, రాసిన కోడ్ అంతా లోకానికి వదిలేసిన ఆట. ఇటుక మీద ఇటుక పేర్చి ఏదైనా కట్టుకోవచ్చు. మిగతావాళ్లు కోటలు కట్టారు. రేఖా, ఆమె ఊరి స్నేహితురాలు ధనలక్ష్మీ హాస్టల్లో ఇంటి మీద బెంగతో సొంత ఊరు కట్టుకున్నారు. ఎగువ వీధి రేఖది, దిగువ వీధి ధనలక్ష్మిది. ఊళ్లో అందరికీ ఆమె ధనాలు. ఆటలో ఇచ్చిన ఇటుకలు ధనాలు కంటికి ఆనలేదు. తాటాకు కప్పు, ఎర్రమట్టి అరుగు, వడ్ల గాదె, ఇవన్నీ తనే బొమ్మలు గీసి, వాటికి కోడ్ రాసి, కొత్త సామానుగా ఆటలో చేర్చింది. రేఖ ఒకరోజు దొంగచాటుగా ధనాలు ఇంటినిండా కోళ్లు తోలేసింది. ఆ దెబ్బకి ధనాలు తలుపుకి తాళం వేసింది. ఆటలోనే, తను తప్ప ఎవరొచ్చినా తెరుచుకోని తాళం.

తర్వాత అసలు ఊరు కదలాల్సి వచ్చింది. భూములిచ్చే సంతకాల దగ్గర ఊరు రెండుగా చీలింది. ముందు పెట్టినవాళ్లలో రేఖ తండ్రి ఉన్నాడు. ఆఖరికి, ఇంక దారిలేక పెట్టినవాళ్లలో ధనాలు తండ్రి ఎర్రన్న ఉన్నాడు.

"మీ అయ్య ఊరమ్మీసినాడే. నువ్వు పక్కనుండి సూసినావు" అంది ధనాలు, పదిమందీ వింటుండగా.

రేఖ తల దించుకుని ఇంటికి వెళ్లిపోయింది. చెప్పాల్సిన మాట అప్పటికి నోటికి రాలేదు. వచ్చేసరికి ధనాలుకి గజపతినగరం సంబంధం కుదిరి పెళ్లయిపోయింది. ఆ పెళ్లికి పిలుపు లేదు. ఆపైన రేఖకు దొరికిన ఉద్యోగం, ఊరు చదును చేసిన సైటు ఆఫీసులోనే. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇద్దరి మధ్యా మాటలు ఆగి ఏళ్లు గడిచాయి. ఈ లోకంలో పిట్టమెరక సందుగొందులు తనంత బాగా తెలిసిన మనిషి ఇంకొకతే ఉంది, ఆ ఒక్కతీ తనతో మాట్లాడదు. రేఖ ఒంటరితనమంతా కలిపి ఇంతే.

అందుకే ఆ పెన్‌డ్రైవు చూడగానే ఆమె చేతులు ఆగలేదు. నెట్లోంచి ఆ ఆట కొత్త వెర్షను దించి ఊరి ఫోల్డరు చూపించింది. ఇది మరీ పాతది, తెరవడం కుదరదంది కొత్త ఆట. పాత ఆటే కావాలి. అది తయారుగా ఎక్కడా దొరకలేదు, దాని సోర్స్ కోడ్ మాత్రం దొరికింది. తయారుగా ఉన్న ఆట మిఠాయికొట్టు లడ్డూ అనుకుంటే, సోర్స్ కోడ్ అంటే శనగపిండీ పంచదారా అన్నమాట. పొయ్యి మనమే వెలిగించుకోవాలి. ఆ పొయ్యి పనినే కంపైల్ చేయడం అంటారు.

ఆదిలోనే హంసపాదు. ఫలానా లైబ్రరీ లేదు, ఆగిపోతున్నానంది మిషను, ఎర్ర అక్షరాల్లో. లైబ్రరీ అంటే ఇంకెవరో ముందే రాసిపెట్టిన కోడ్, అది పక్కన లేకపోతే ఆట పుట్టదు. దాన్ని వెతికి తెస్తే దానికి ఇంకోటి కావాలంది. ఆ ఇంకోటి తెస్తే ఇది మరీ కొత్తది, పాతది పట్టుకురమ్మంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా ఇన్ని అలకలు పోరు. మొదటిరోజు రేఖకు ఏడుపొచ్చింది. అయినా మరుసటి ఆదివారం మళ్లీ కూర్చుంది, ఆపై ఆదివారమూ కూర్చుంది. పట్టుదల అని పొగడక్కర్లేదు. వేరే పని లేదు, అదీ సంగతి.

కింద వాటాలో ఉండే ఇంటావిడ గురమ్మ ట్యాంకు చూడ్డానికి పైకొచ్చి, గుమ్మంలో నిలబడింది.

"ఏటమ్మీ, సెలవు పూటైనా బయటికెల్లవు? ఏటది, తెర మీద సీమలు పాకినట్టు పాకుతన్నాయి?"

"ఆట తయారు సేస్తన్నాను పిన్నీ."

"ఆట ఆడతారు గాని తయారు సేస్తారేటి! సర్లే, అయినాక ఎవులితో ఆడతావు?"

గురమ్మ వెళ్లాక కూడా ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది.

ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం అక్షరాలు ఎక్కడా ఎర్రబడకుండా చివరిదాకా పోయాయి. ఆట పుట్టింది. ఊరి ఫోల్డరు తెరుచుకుంది. ఎగువ వీధి ఎలా కట్టిందో అలాగే ఉంది. వాళ్ల ఇల్లు, బావి, మునగచెట్టు. రేఖ మలుపు తిరిగి దిగువ వీధిలోకి పరుగెత్తింది.

వీధి లేదు. ఇళ్లున్నచోట బూడిదరంగు దిమ్మెలు నిలబడి ఉన్నాయి. దేనిమీద మౌస్ బాణం పెట్టినా ఒకటే మాట: తెలియని వస్తువు. కప్పు తెలియని వస్తువు, అరుగు తెలియని వస్తువు, గాదె తెలియని వస్తువు. ధనాలు చేసిన సామాను ఫోల్డరు ఈ పెన్‌డ్రైవులో లేదు, ఎప్పుడూ ధనాలు దగ్గరే ఉండేది. అన్ని దిమ్మెల మధ్యా ధనాలు ఇంటి తలుపొక్కటే పోల్చుకునేలా ఉంది. అది ఆటలోని మామూలు తలుపు కాబట్టి మిగిలింది. తాళం వేసే ఉంది.

ఆట ఇప్పుడు రేఖ మిషన్లో నడుస్తోంది, పెత్తనమంతా ఆమెదే. ఒక్క కమాండు కొడితే ఏ తాళమైనా ఊడుతుంది. వేళ్లు కీబోర్డు మీద పెట్టి, తీసేసింది. తాళం వేసిన మనిషి బతికే ఉండగా తలుపు పగలగొట్టడమేమిటి? ఆటలో ఆ గుమ్మం ముందే నిలబడి, ఇక్కడ గదిలో కూర్చుని, పైకే ఏడ్చింది.

ధనాలు నంబరు ఫోన్లో ఉంది. "క్షమించు" అని రాసింది, కొట్టేసింది. పిట్టమెరకలో ఎవరూ క్షమించమనరు, ఆ మాట నాటకాల్లోవాళ్లది. "అప్పుడు నేనేం చెయ్యగలను" అని రాసింది. అది మళ్లీ జగడానికి వెళ్లినట్టుంది. అదీ కొట్టేసింది.

ఆ వారంలోనే గురమ్మకూ పక్కింటి అసిరమ్మకూ కాలవనీళ్ల మీద పెద్ద గొడవైంది. ఏడు తరాల వాళ్లను బయటికి లాగారు. మర్నాడు పొద్దున్న రేఖ ఆఫీసుకు దిగేసరికి, గురమ్మ గిన్నె పట్టుకుని పక్కింటి గుమ్మంలో ఉంది.

"మజ్జిగున్నాదేటే అసిరీ?"

అసిరమ్మ మాట్లాడకుండా గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది, నింపుకొచ్చి ఇచ్చింది. అంతే. జగడం అయిపోయింది.

"మీ ఫ్రిజ్‌లో కుండెడు మజ్జిగుంది కదా పిన్నీ?" అంది రేఖ గేటు దగ్గర.

"ఉంటే ఏటి? అడిగితే మజ్జిగ నేదనకూడదమ్మీ. తప్పెవులిదో తేల్చుకోడానికి కూకుంటే ముసిలోలమైపోతాం." గురమ్మ గిన్నె వైపు చూసుకుంది. "రేపు ఇందుల రెండు వంకాయలేసి తిరిగిచ్చీవాల. కాళీ గిన్ని ఇవ్వకూడదు."

పిట్టమెరకలోనూ ఇదే పద్ధతి. తన తల్లీ ధనాలు తల్లీ ఎన్నిసార్లు ఇలా కలిశారో రేఖకు లెక్కలేదు. ఇంత చిన్న విషయం తనకు ఇన్నేళ్లూ తట్టలేదని సిగ్గేసింది. ఆఫీసుకు పోయే ఆటోలోనే మెసేజ్ పెట్టింది.

"ఒలే ధనాలూ. మజ్జిగున్నాదేటే? మన ఊరు తెరిసినాను. నీ వీధి సామాను ఫోల్డరు నా కాడ నేదు."

టిక్కులు నీలమయ్యాయి. జవాబు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. చూసి కూడా ఊరుకుందంటే ఊరుకున్నట్టే. రేఖ ఆఫీసులో మొదటిసారి ఆ డ్రాయింగు వైపు తిన్నగా చూసింది. గీతలు గీతల్లాగే ఉన్నాయి. మజ్జిగ కూడా లేదనిపించుకున్న మనిషికి ఇంక ఊరేమిటి అనుకుంది.

ఆశ వదులుకున్నాక, ఒక సాయంత్రం ఆమె బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. ధనాలు నుంచి ఒక ఫైలు. ఒక్క మాట కూడా లేదు. అసిరమ్మా మాట్లాడలేదు కదా, గిన్నె నింపి ఇచ్చింది, అంతే. రేఖ తడిచేతులతోనే లోపలికి పరుగెత్తింది.

ఫోల్డరు దాని చోట పెట్టి ఆట తెరిచేసరికి దిగువ వీధి లేచి నిలబడింది. తాటాకు కప్పులు, ఎర్రటి అరుగులు, గాదె. ప్రతి వస్తువూ తన పేరు తాను చెప్పింది. రేఖ వీధి ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. మనిషి అలికిడి లేదు. ధనాలు ఇంటి తాళం అలాగే ఉంది. ఆమె అరుగు దగ్గర ఆగి, తలుపు ముట్టుకోకుండా, అరుగు మీద ఒక కోడిని పెట్టింది. ఒక్కటే.

తర్వాత ఊరంతా మూటకట్టింది. ఒక మిషన్లో తయారైన ఆట ఇంకోదాంట్లో నడుస్తుందన్న నమ్మకం లేదు, అక్కడ మళ్లీ వండుకోవాల్సిందే. అందుకని పాత సోర్స్ కోడూ పక్కన పెట్టింది. "గిన్ని తిరిగిచ్చీసినాను" అని రాసి పంపింది. మళ్లీ నీలం టిక్కులు. మళ్లీ మౌనం. ఈసారి రేఖ ఎదురుచూడకూడదనుకుంది. ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయింది, అంతకుమించి అడగడానికి తనకేం హక్కు?

ఆదివారం మధ్యాహ్నం కుక్కరు విజిల్ వేసింది. "వస్తన్నాను, ఉండు" అని లేవబోతుంటే ఫోన్ వెలిగింది. ఫొటో. తనెప్పుడూ చూడని ఇల్లు, పాత మానిటరు, దాని మీద ఎర్ర అక్షరాలు. ఫలానా లైబ్రరీ లేదు, ఆగిపోతున్నాను. మొదటిరోజు తనను ఏడిపించిన ఎర్రర్ అదే, అక్షరం తేడా లేదు. ఫొటో కింద ధనాలు మాట.

"ఒలే రేఖా, ఇదేటో నేదంటంది. ఇప్పుడేటి సెయ్యాల?"

అంత మంచి ఎర్రర్ తన జన్మలో చూడలేదు రేఖ. దాని వెనక ఇంకోటి వస్తుందనీ, దాని వెనక మరోటనీ, ఇవన్నీ తీరేసరికి ఎన్నో ఆదివారాలు పడతాయనీ ఆమెకు తెలుసు. కుక్కరు రెండోసారి అరిచింది. ఆమె వినిపించుకోలేదు.

"ఆగే, సెప్తాను" అని రాసింది.