సన్నని గొంతులు

గడ్డి తప్ప చెట్టన్నది లేని పునా మైదానం మీద మొదటి రెండు రోజులూ లెయోన్సియో కవానాకు ఏ ఇబ్బందీ రాలేదు. అంత ఎత్తున గాలి అందరి చెవులనూ ఒకేలా హోరెత్తిస్తుంది. అక్కడి పిట్టలు కూడా పెద్ద గొంతువి. మడుగు పక్క నుంచి లేకెచో పిట్ట కసిరినట్టు అరిస్తే అతనికీ వినిపించింది. వెంట వచ్చిన ఆరుగురు యాత్రికులకూ దాన్ని చూపించాడు, వాళ్ళు బైనాక్యులర్లెత్తి చూశారు, అంతా సవ్యంగానే జరిగిపోయింది.

అసలు భయం మూడో రోజు గురించి. కనుమ దాటి అవతలికి దిగితే మబ్బులు కమ్మిన అడవి మొదలవుతుంది. అందులో కంటికి ఏమీ ఆనదు. నాచు పట్టిన కొమ్మలు, మంచు, మళ్ళీ కొమ్మలు. అక్కడ గైడుకు పని చెవులతోనే. ఇరవయ్యేడేళ్ళుగా ఆ దారిలో లెయోన్సియోకున్న పేరంతా ఆ చెవుల వల్ల వచ్చిందే.

ఆ చెవులు పోయాయని మార్చి నెలలో తెలిసింది. కుస్కోలో ఒక డాక్టరమ్మ అతన్ని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమంది. నాలుగైదుసార్లు ఎత్తాడు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఓపిగ్గా కూర్చుని, చివరికి అడిగాడు.

"రెండో భాగం ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?"

"అయిపోయిందండీ," అంది ఆవిడ.

మాటలు వినిపిస్తాయనీ, పై స్థాయి శబ్దాలు మాత్రం ఇక తిరిగి రావనీ కాగితం మీద గీత గీసి చూపించింది. ఆ గీత కొంతదూరం బల్లపరుపుగా నడిచి, కొండచరియ విరిగినట్టు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. అతనికి ఇష్టమైనవన్నీ, ఆకుల చాటున సూదిమొనంత గొంతుతో పలికే పిట్టలన్నీ, ఆ చరియకు అవతలే ఉండిపోయాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున కనుమ దగ్గర అందరికీ తలా ఒక విజిల్ ఇచ్చాడు. ఏటా చెప్పే మాటలే చెప్పాడు. "తప్పిపోతే ఉన్నచోటి నుంచి కదలొద్దు. ఊదుతూ ఉండండి. ఎక్కడున్నా నేనొస్తాను."

అడవిలోకి దిగాక అతను పిట్టల కోసం చూడటం మానేసి మనుషుల మెడల కేసి చూడసాగాడు. మెడలు ఎటు తిరిగితే అటు ఏదో పలుకుతోందన్నమాట. వేళను బట్టి, చెట్టును బట్టి, అక్కడ ఏ పిట్ట ఉండాలో ఆలోచించి పేరు చెప్పేవాడు. మూడుసార్లు సరిపోయింది. నాలుగోసారి సరిపోలేదు. అర్జెంటీనాలో, రోసారియో ఊళ్ళో పిల్లలకు సంగీతం నేర్పే ఎల్విరా అనే ఆవిడ తండ్రితో కలిసి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నోటుపుస్తకం తెరిచి అడిగింది.

"లెయోన్సియో గారూ, పొద్దున మీరు చెప్పిన పిట్ట స్వరం చివర్లో కిందికి దిగుతుందన్నారు. మనం విన్నది పైకి లేచింది కదండీ?"

"ఒక్కోసారి అలా కూడా పలుకుతుందమ్మా," అన్నాడు లెయోన్సియో, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

వడ్డిస్తున్న నికోలాసా గరిటె ఆపింది. ఆమె లెయోన్సియో భార్యకు చెల్లెలు. అక్క పోయి ఆరేళ్ళయినా ఇతని యాత్రలన్నిటికీ వంట ఆమెదే. గిన్నెలు కడిగే వేళకు వాగు దగ్గర అతన్ని పట్టుకుంది.

"ఏంటి బావా, చెవుల్లో దూది పెట్టుకున్నావా? నెత్తి మీద కూర్చుని ఆ పిట్ట గొంతు చించుకుంటుంటే నువ్వు పళ్ళెంలోకి చూస్తావేంటి?"

"గాలికి వినపళ్ళేదు."

"ఆకు కదలట్లేదిక్కడ. నీకొక్కడికే వీస్తోందా గాలి?" అని ఆమె గొంతు తగ్గించింది. "మా అక్క దగ్గర కూడా ఇట్లాగే బొంకేవాడివి. దానికి తెలిసేది, పోనీలే అనుకునేది. నేను అనుకోను. చెప్పు."

చెప్పాడు. నికోలాసా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"మార్చి నుంచా? ఇది ఆగస్టు బావా."

"ఈ ఒక్క యాత్రా అయిపోనీ. నది దగ్గరికి చేరాక నేనే చెప్తా అందరికీ."

"ఇప్పుడే చెప్పు. తిడితే తిడతారు."

"తిట్లకు కాదు," అన్నాడు లెయోన్సియో. దేనికో మాత్రం చెప్పలేకపోయాడు.

నాలుగో రోజు మట్టిరోడ్డు మీదుగా కిందికి నడక. వంట సామానుతో వ్యాను ముందు వెళ్ళిపోయింది. ఒక మలుపు దగ్గర లెక్కపెట్టుకుంటే ఒకరు తక్కువొచ్చారు. ఎల్విరా తండ్రి ఒరాసియో లేడు. డెబ్బై దాటిన మనిషి, ప్రతి పువ్వు దగ్గరా ఆగి ఫొటో తీసుకునే అలవాటు. మిగతావాళ్ళను అక్కడే కూర్చోమని లెయోన్సియో వెనక్కి ఎక్కాడు. రోడ్డు పక్కన జలపాతం ఒకటి దడదడా దూకుతోంది. దాన్ని దాటి పావుగంట పైకి నడిచాడు. పేరు పెట్టి పిలిచాడు. ఆగాడు. గడియారం చూసుకున్నాడు. కిందికొచ్చి, మళ్ళీ ఎక్కాడు.

ఆలస్యమైందని వ్యాను వెనక్కొచ్చింది. జలపాతం దగ్గర అతను ఎదురుపడగానే నికోలాసా తలుపు తీసుకుని దిగుతూనే అంది.

"అదుగో, ఊదుతూనే ఉన్నాడు కదా. ఇక్కడ నిలబడి వినపడదా నీ..."

మిగతా మాట నోట్లోనే ఆపుకుంది.

రోడ్డుకు రెండు నిలువుల కింద, చెట్టంత ఫెర్నుల మధ్య ఒరాసియో వెల్లకిలా పడి ఉన్నాడు. చీలమండ పక్కకు తిరిగిపోయింది. విజిల్ ఇంకా పళ్ళ మధ్యే ఉంది. డ్రైవరు సతుర్నీనో, లెయోన్సియో కలిసి దుప్పట్లో మోసుకొస్తుంటే ఆయన మెల్లగా అన్నాడు.

"రెండుసార్లు నా పైనుంచే వెళ్ళావయ్యా. ఒకసారి ఆగావు కూడా. గడియారం చూసుకున్నావు. వెనకబడ్డానని నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను."

లెయోన్సియో దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని నడిచాడు. కాళ్ళ కింద ఏముందో కూడా అతనికి కనిపించలేదు.

పిల్కోపాటా ఆసుపత్రి వరండాలో, లోపల ఒరాసియో కాలికి కట్టు వేస్తుండగా, లెయోన్సియో టోపీ తీసి అందరి ముందూ నిలబడ్డాడు. సన్నని శబ్దాలేవీ తనకిక వినిపించవనీ, ఆ సంగతి మార్చిలోనే తెలుసుననీ చెప్పాడు. అడవిలో చెప్పిన పేర్లలో సగం ఊహించి చెప్పినవేనన్నాడు.

"తెలిసే తీసుకొచ్చారా మమ్మల్ని?" అని అడిగింది ఎల్విరా.

"తెలిసేనమ్మా."

ఎల్విరా నోటుపుస్తకం తెరిచింది. "నాకు వినిపించింది," అంది. "ఆ మలుపు దగ్గర కూర్చుని ఉంటే, పైనుంచి సన్నగా, ఆగి ఆగి. ఏదో పిట్ట అనుకున్నాను. మీరు రాగానే పేరు అడుగుదామని పుస్తకంలో టైము కూడా రాసుకున్నాను."

ఆమె ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడేమో. ఆమె ఆ తర్వాత అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మర్నాడు అటలాయా రేవులో ఎండ చుర్రుమంటోంది. మూడు రోజుల కిందట ఉన్ని టోపీల్లో వణికిన మనుషులు ఇప్పుడు చొక్కాలు తడిసి విసురుకుంటున్నారు. ఇక్కడి నుంచి పడవలో కింది అడవికి తీసుకెళ్ళే గైడు రొసాల్బా. లెయోన్సియో తన పిట్టల జాబితా ఆమెకిస్తూ, తప్పులనుకున్న చోట్ల గీతలు కొట్టాడు. ఇంటికి వెళ్దామని కూతురు ఎంత చెప్పినా ఒరాసియో వినలేదు. నది చూడందే కదలనన్నాడు. పడవవాళ్ళు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టారు.

"నాయనా, ఇలా రా," అని ఆయన లెయోన్సియోను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. "నాకు కళ్ళు మందగించినప్పుడు ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా కారు నడిపాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంతే తేడా." చెయ్యి ఒకసారి నొక్కి వదిలేశాడు.

గిన్నెలన్నీ పడవలోకి చేర్చాక నికోలాసా చివరగా ఎక్కింది. "ఇంట్లో కూర్చుని గోడలు చూడకు బావా. బంగాళాదుంపల తొక్క తియ్యడానికి చెవులక్కర్లేదు. వచ్చే సీజనుకు నా దగ్గర చేరు. జీతం ఇవ్వను, అన్నం పెడతాను." అని మొహం పక్కకు తిప్పుకుంది.

పడవ వంపు తిరిగేదాకా లెయోన్సియో ఒడ్డున నిలబడ్డాడు. ఎల్విరా వెనక్కి చూడలేదు.

తిరుగుదారిలో వ్యానులో ఇద్దరే. సతుర్నీనో పదిహేనేళ్ళుగా ఆ రోడ్డు మీద బండి నడుపుతున్నా ఒక్క పిట్ట పేరు తెలుసుకోలేదు. జనం దిగి చూస్తుంటే అతను సీటు వాల్చుకుని నిద్రపోయేవాడు. మబ్బు అడవిలోకి ఎక్కాక ఒకచోట బండి ఆపి ఇంజను కట్టేశాడు. ఇద్దరూ దిగారు.

సతుర్నీనో తల పక్కకు వంచాడు.

"ఏదో కూస్తోందన్నా."

"ఎక్కడ?"

"ఆ ఎర్ర పూల చెట్టు వైపు. ఆగు." అతను పెదాలు తడుపుకుని, దాన్ని ఈలగా పట్టడానికి చూశాడు. లెయోన్సియోకు వినిపించాలని బాగా బొంగురు చేసి, మందంగా ఊదాడు. "ఇట్లా. ముందు రెండు, తర్వాత గబగబా."

లెయోన్సియో కళ్ళు మూసుకుని విన్నాడు. "మళ్ళీ."

మళ్ళీ ఊదాడు. ఈసారి మరోలా వచ్చింది.

"మొదట అలా ఊదలేదు కదరా."

"నాకేం తెలుసన్నా. నాకన్నీ ఒకేలా ఉంటాయి." సతుర్నీనో ఒప్పుకోలుగా నవ్వి, మూడోసారి ప్రయత్నించాడు. ఊపిరి చాలక మధ్యలో దగ్గొచ్చింది.

అతని ఈలలోంచి ఏ పిట్టనూ పోల్చుకోలేకపోయాడు లెయోన్సియో. ఆ చెట్టు మీద, ఆ వేళప్పుడు, ఎనిమిది రకాలు వాలతాయని అతనికి తెలుసు. ఎనిమిదీ మనసులో ఒక్కొక్కటే విన్నాడు.

"ఇంకా పాడుతోందా?" అని అడిగాడు.

"పాడుతోంది."

"అయితే కాసేపుందాం," అని రోడ్డు గట్టు మీద కూర్చున్నాడు. సతుర్నీనో వచ్చి పక్కన కూర్చున్నాడు. కింద లోయలోంచి మంచు పైకెక్కుతూ వచ్చి, ముందు చెట్టును, తర్వాత బండిని కప్పేసింది.